తెర కింద కాళ్ళు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో చేతికి ఇంకా పూర్తిగా తెలియదు. విశ్వాసమ్మ పంతులమ్మ నాచేత అక్షరాలు దిద్దించేనాటికి నాకు యాభై నాలుగేండ్లు. ఈ కాగితాలు నింపడానికి పదకొండు రోజులు పట్టింది.

మా ఆయన నేతగాడు. ఆయన పేరు నోటితో పలకను గాని, రాస్తే తప్పులేదని పంతులమ్మ చెప్పింది: రామలింగప్ప. ఒంటిమిట్టకు దగ్గరలోని మా ఊళ్ళో ఉండేవాళ్ళం. నూలు తెచ్చే రసూల్ సాహెబ్ డోన్ రైలు స్టేషన్లో డిటెక్టివు పుస్తకాలు కొని మా ఆయనకు ఇచ్చేవాడు. ఆయన బిగ్గరగా చదివేవాడు, నేను కండెలకు నూలు చుట్టుకుంటూ వినేదాన్ని. ప్రతి పుస్తకంలోనూ ఒక డిటెక్టివు, వెంట ఒక నేస్తం. డిటెక్టివు చుట్ట బూడిద చూసి మనిషిని చెప్పేస్తాడు. నేస్తం "ఆహా, ఎట్లా కనుక్కున్నారు?" అంటాడు. అంతకుమించి అతనికి పని ఉన్నట్టు నాకు కనపడలేదు.

ఒక ఎండాకాలం మా వీధిలో నిజంగానే దొంగతనం జరిగింది. రసూల్ సాహెబ్ తెచ్చిన నూలును వీధిలోని మగ్గాలన్నిటికీ ఇచ్చేది భీమక్క. అప్పుడే మగ్గం మీద నుంచి కోసిన ఎర్రంచు చీర ఆమె పంచలో దండెం మీద ఉండింది. నడిమధ్యాహ్నం ఆమె నీళ్ళకు పోయి వచ్చేసరికి మాయమైంది.

ఆ మాట వినగానే మా ఆయన మగ్గం గుంటలోంచి లేచాడు.

"నువ్వు నా అసిస్టెంటువి," అన్నాడు నాతో.

"ఏం చేయల్ల?"

"ఏం చేయొద్దు. నేను చెప్పినప్పుడు ఆశ్చర్యపోతే సాలు."

భీమక్క పంచలో బోర్లా పడుకుని వెతికాడు. "బూడిద! బీడీ బూడిద!"

"ఆహా," అన్నాను. "ఇప్పుడు నువ్వు రాల్చిందే కదా."

"అసిస్టెంటు అట్ల మాట్లాడగూడదు," అని దుమ్ము దులుపుకున్నాడు. "పుస్తకాల్లో ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళే దొంగలు. మన వీధిలో ఎవరి మీద అనుమానం రాదు, చెప్పు?"

"మహబూబ్ బీ మీద," అన్నాను ఆలోచించకుండా. దారిలో సూది దొరికినా ఇంటింటికీ తిరిగి ఎవరిదని అడిగే మనిషి. భర్త పోయినాక, భీమక్క ఇచ్చే నూలుతో కండెలు చుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది.

"అయితే ఆయమ్మే!"

అప్పుడు మాత్రం నేను నిజంగానే ఆశ్చర్యపోయాను. తేరుకునేలోపు ఆయన భీమక్కకు చెప్పేశాడు. భీమక్క వీధి నడుమ నిలబడి, "ఇంగ నా నూలు ఆ మనిషి చేతికి పోగూడదు!" అని కేకేసింది.

సాయంత్రం మహబూబ్ బీ మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, చీర దొంగలించినదాన్ని కట్టుకోనన్నా కట్టుకుంటా గదా. నా పైట చూడు," అని చిరుగు చూపించింది. నాలుగు వేళ్ళు దూరతాయి. "నూలు రాకుంటే శుక్రవారానికి నా పొయ్యి వెలగదు. పిల్లోల్లను తీసుకోని యాడికి పోదును?"

ఆమె పేరు అందించింది నేనే.

మా గుంట మగ్గం వాకిలికి ఎదురుగా ఉండేది. నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి నేలమట్టానికి కూర్చుంటాడు. వడగాలికి పోగులు తెగకుండా వాకిలికి తడి గోనెపట్టా కడతాం. దాని కింద జానెడు సందు. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. ఇరవై ఏండ్లుగా మా ఆయన లోకాన్ని ఆ సందులోంచే చూశాడు. ముఖాలు మరిచిపోతాడు గాని మడమలు మరిచిపోడు.

మరుసటి రోజు పొద్దున ఆయన నేస్తుంటే అడిగాను.

"ఏమయ్యా, నిన్న చీర పోయిన పొద్దు ఈ దావన ఎవురెవురు పోయినారు?"

పోగుల నడుమ నాడె విసరడం ఆపకుండానే చెప్పాడు. "దాసన్న పాయ, మడమలు పగిలిండాయి. భీమక్క నీళ్ళకు పాయ. ఆ యెనక ఎవుడో కోతి మాదిరి ఎగురుకుంటా పాయ."

"ఎగురుకుంటానా?"

"నేల కాల్తాంటే ఎగరక? అలవాటు లేని అరికాళ్ళు. పైన తెల్లగా చెప్పుల పట్టీల గుర్తులు..."

నాడె ఆగింది.

మా వీధిలో అందరివీ వట్టి కాళ్ళే. చెప్పులు విడవనివాడు ఒక్కడే: రాయచోటి నుంచి వచ్చిన భీమక్క కొత్త అల్లుడు రంగన్న. అతని విడిది వీధికి ఈ చివర, భీమక్క ఇల్లు ఆ చివర. అతని కిర్రుచెప్పుల చప్పుడు వీధంతా వినపడేది. అందుకే వాటిని విడిచి పోయాడన్నమాట.

"మరి మహబూబ్ బీ?"

"ఆయమ్మ కాళ్ళు ఆ పొద్దు ఈ దావన పోనేలేదు," అన్నాడు మెల్లగా. నాడె పక్కన పెట్టి, "అల్లుని మీద మాటంటే మనకు గూడా నూలు రాదే," అన్నాడు.

"తప్పు చెప్పింది మనిద్దరం. మనమే దిద్దల్ల."

మధ్యాహ్నం వీధినంతా పిలిచాము. ఆయన గుంటలో కూర్చున్నాడు. ఒక్కొక్కరు వట్టి కాళ్ళతో తెర ముందు నడవాలి.

"దాసన్నా, ముల్లు తీసుకోప్పా! సంతోషమ్మా, నీ మెట్టె వదులైంది!" అని లోపలినుంచి కేకలు. బయట తిరునాళ్ళలాగా ఉంది.

రంగన్న మాత్రం కదలలేదు. "అల్లున్ని నేను. చెప్పులిడిసి నడవాల్నా?"

"మీ అత్తే నడిచిందప్పా," అన్నాను. "నీ కాళ్ళేమన్నా అంతకంటే గొప్పవా?"

విడిచాడు. రెండడుగులు దర్జాగా వేశాడు. మూడో అడుగుకు ఎగిరాడు.

"అవే! అవే కాళ్ళు!" అని గుంటలోంచి అరుపు.

వీధంతా పగలబడి నవ్వింది. చీర రంగన్న పెట్టెలో దొరికింది.

"అత్తగారింటి నుంచి చీర తెస్తానని మా అమ్మకు గొప్పగా చెప్పి వచ్చినా," అన్నాడు తలవంచుకుని. "ఈడ ఎవురూ ఆ మాటే ఎత్తలేదు."

"అడిగింటే ఇయ్యనా నాయనా!" అని భీమక్క మా వైపు తిరిగింది. "మా చీర మా పెట్టెలోనే ఉండాది. దొంగతనం యాడ జరిగింది? పోండి, పోండి!"

మా ఆయన తెర ఎత్తి నావైపే చూస్తున్నాడు, ఆశ్చర్యపోతానేమోనని. నాకు తీరిక లేదు.

"దొంగతనం లేకుంటే దొంగ గూడా లేదు గదా భీమక్కా. మహబూబ్ బీ నూలు సంగతేంది?"

భీమక్క గిరుక్కున తిరిగి తన ఇంటివైపు నడిస్తే, మహబూబ్ బీతో సహా వీధంతా వెంట పోయింది. భీమక్క ఇంట్లోకి పోయి నూలు చిలపలు తెచ్చి గడప బయట పెట్టింది. మహబూబ్ బీ వంగలేదు.

"కేకేసింది వీధి నడుమ. ఇచ్చేది గడప కాడనా?" అంది.

భీమక్క చిలపలు ఎత్తుకుని వీధి నడుమకు వచ్చి, అందరూ చూస్తుండగా ఆమె చేతికి ఇచ్చింది. మహబూబ్ బీ ఒకదాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"ఇది చిక్కుపడి ఉండాది. మంచిది తీసకరాపో."

భీమక్క మళ్ళీ లోపలికి పోయింది.

ఉరుకుందమ్మ, యాభై ఎనిమిదేండ్లు. ఇప్పుడు డోన్‌లో, మా చెల్లెలి కొడుకు ఇంట్లో ఉంటున్నాను.