పుట్టింటి నీళ్ళు

హన్నాను పురిటికి పుట్టింటికి పంపాలా వద్దా అన్న మాట చర్చి మెట్ల దగ్గరే తేలిపోయేలా ఉంది. ఆదివారం ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. హన్నా అత్తగారు ఎలిజబెత్ ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని వియ్యంకుడి ముందు నిలబడింది.

"ఆడదిక్కు లేని ఇంటికి పిల్లనెట్ల తోలాలె శాంతయ్యన్నా? నువ్వు పొద్దుగాల డ్యూటీకి వోతవ్. గీ పోరడు కిర్కెట్ ఆడవోతడు. బాలింతకు వండిపెట్టేదెవరు? పసిపిల్లకు నీళ్ళు వోసేదెవరు?"

శాంతయ్య హన్నా తండ్రి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిట్టరు ఆయన. మొరాయించిన ఏ మిషన్నయినా దారికి తేగలడు గానీ ఇలాంటి మాటలకు ఎదురు చెప్పే పని ఎప్పుడూ భార్య దానమ్మదే. దానమ్మ పోయి ఏడాది దాటింది.

నిండు చూలాలు హన్నా అత్తగారి వెనక నిలబడి ఉంది. ఉప్పల్‌లో అత్తవారింట్లో ఆమెకు లోటేమీ లేదు. అయినా గొంతు తగ్గించి అడిగింది. "అమ్మ లేకపోతే నాకు ఇల్లు గూడ లేకుంట అయితదా అత్తమ్మా?"

ఆ మాటకు పెద్దవాళ్ళిద్దరూ తలలు వంచుకున్నారు. అప్పుడు హన్నా తమ్ముడు ప్రభుదాస్ ముందూ వెనకా చూసుకోకుండా అనేశాడు.

"నేను జేస్త."

"ఏం జేస్తవ్ రా?" అంది ఎలిజబెత్.

"వండిపెడ్త. బట్టలుతుకుత. అన్ని జేస్త. కాలేజికి సెలవులే గదా."

ప్రభుదాస్ రామంతాపూర్ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు పరీక్షలు రాసి రెండు రోజులు కూడా కాలేదు. మీసం ఇంకా పూర్తిగా రాలేదు. ఎలిజబెత్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. నవ్వబోయి ఆపుకుంది.

"సరే. తోల్కపో. గని పిల్ల జర ఎండినట్టు కండ్లవడ్డా ఆటో తెచ్చి తోల్కవోత. అప్పుడు నన్ననొద్దు."

అలా హన్నా నాచారం వచ్చింది.

వాళ్ళ గోడకు ఆనుకున్న వాటాలో కామాక్షి అద్దెకుండేది. సామర్లకోట వైపు మనిషి. భర్త గోపాలరావుకు ఇక్కడికి బదిలీ అయి మూడేళ్ళయింది. దానమ్మ ఉన్నప్పుడు ఇద్దరూ ఆ పిట్టగోడ మీదుగానే కూరాకులు మార్చుకునేవారు. ప్రభుదాస్ చేసిన ప్రతిజ్ఞ సంగతి విని కామాక్షి కాసేపు పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత గోడ దగ్గరికి పిలిచింది.

"బాగుందయ్యా! పసిబిడ్డకి నీళ్ళు నేను పోస్తాలే. అది నీవల్ల కాదు. పత్యం మాత్రం నువ్వే వండాలి. నేను చెబుతాను, నువ్వు చెయ్యి. సరేనా?"

"సరే ఆంటీ" అన్నాడు ప్రభుదాస్. ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్ చివర్లో దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ క్షేమం. ఇంటికి తెచ్చిన రోజు పసిపిల్ల కిందికి మెత్తటి గుడ్డలు కావాలంటే శాంతయ్య చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత మంచం కింద ట్రంకు పెట్టె లాగి తెరిచాడు. దానమ్మ నేత చీరలు. ఏడాదిగా ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. ఆయన ఒక చీర తీసి అంచు పంటితో కొరికి, సర్రున చించాడు. ఇంకొకటి తీశాడు. చించడం అయ్యాక ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కొడుకు చేతిలో పెట్టాడు.

"మెత్తగున్నయ్ రా. పిల్లకు గుచ్చుకోవు" అన్నాడు. అంతే.

పొద్దున్నే ఆ గుడ్డలన్నీ ఉతికి జామచెట్టుకూ గోడకూ మధ్య కట్టిన తీగ మీద ఆరేయడం ప్రభుదాస్ పని. అదే వేళకు అతని దోస్తులు బ్యాటు భుజాన వేసుకుని సైకిళ్ళ మీద గ్రౌండుకు పోయేవారు.

"ఏం బాలింతా! ఇయ్యాల బౌలింగుకు వస్తవా, పత్యమా?"

"రార్రి, బాలు నా తాన్నే ఉంది" అని ఒకరోజు తడిగుడ్డ ఉండచుట్టి విసిరాడు. అది పోయి వాళ్ళలో ఒకడి మెడకు చుట్టుకుంది. మర్నాటినుంచి వాళ్ళు పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టారు.

వంట మాత్రం అంత సరదాగా సాగలేదు. వత్తుల స్టవ్వు మసికి కళ్ళు మండేవి. అయినా కామాక్షి గోడ మీదుగా ఏది చెబితే అది, పరీక్షకు చదివినట్టు చదివి చేసేవాడు. మొదటి ముద్దలో వెల్లుల్లి కారం, నెయ్యి. ఒకరోజు పొట్లకాయ, ఒకరోజు బీరకాయ. కందిపొడి. కాచి చల్లార్చిన నీళ్ళు. హన్నా ముందర కంచం పెట్టి ఎదురుగా కూర్చునేవాడు.

"ఎట్లుందక్కా?"

"మంచిగుందిరా" అనేది హన్నా. కంచం ఖాళీ చేసేది. కానీ ఆ ముద్దలు మింగేటప్పుడు ఆమె కళ్ళు ఎక్కడో ఉండేవి. తమ్ముడు అది గమనించలేదు. ఇల్లు నడుస్తున్నదన్న సంతోషంలో ఉన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎలిజబెత్ చెప్పకుండా వచ్చింది. మనవరాల్ని కామాక్షి చేతుల్లోంచి అందుకుని ముద్దుపెట్టుకుంది. కోడలి చెంపలు తడిమి చూసింది. తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసింది.

"ఏందిది? పొట్లకాయనా?"

"అవునత్తమ్మా" అన్నాడు ప్రభుదాస్, కొంచెం గర్వంగానే.

"నిన్నేం జేసినవ్?"

"బీరకాయ."

"మొన్న?"

అతను జవాబివ్వబోయి ఆగిపోయాడు. ఆమె ఎటు పోతున్నదో అప్పుడు తెలిసింది.

"కన్నకాడినుంచి పిల్ల నోట్ల నీసు వడలేదా? బాలింతకు మ్యాకకాళ్ళ పాయ వెట్టలే? తలకాయ కూర వెట్టలే? గిట్లయితె నడుముల బలమెట్లొస్తదిరా, పాలెట్ల వడ్తయ్?"

కామాక్షి ముఖం చిన్నబోయింది. "మా ఇళ్ళల్లో పెట్టేదే చెప్పానండీ వదినగారూ. మాకు అవి అలవాటు లేదు కదా, నాకు తట్టలేదు."

"నిన్ననలే వదినా, నీ చెయ్యి సల్లగుండ. నీకు తెల్సింది నువ్వు జెప్పినవ్. గీని తెలివంటున్న." ఎలిజబెత్ ప్రభుదాస్ వైపు తిరిగింది. "మీ అమ్మ ఎవలు బాలింతయితె ఆళ్ళింటికి పాయ కాసి గిన్నెల తీస్కపోతుండె. నా బిడ్డలకు గూడ తెచ్చింది. ఆ గిన్నె మోసినోడివి నువ్వే గదరా. యాదికి లేదా?"

అతనికి గుర్తొచ్చింది. వేడి గిన్నె, కింద మడతపెట్టిన తువ్వాలు, మిరియాల ఘాటుకు తుమ్ములు. అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఎందుకు గుర్తు రాలేదో అతనికే తెలియలేదు. అక్క వైపు చూశాడు. హన్నా తల దించుకుంది.

"నువ్వన్న చెప్పకపోతివి అక్కా."

"నువ్వు మస్తు కష్టపడి వండుతుంటివి. ఎట్ల జెప్పాలె?"

ఎలిజబెత్ నిట్టూర్చింది. కోపం ఉన్నా గొంతులో గట్టిదనం తగ్గింది. "తప్పు వట్టుకోను పిలగా. మొగపోరడివి, నీతోని ఎంతయితదో అంత జేసినవ్. వచ్చే ఐతారం గుడైనంక ఆటో తెస్త. బట్టలు సదురుకో హన్నా."

ఆమె పోయాక హన్నా బట్టల సంచీ సర్దింది. సాయంత్రం శాంతయ్య జామచెట్టు కింద కుర్చీలో కూర్చుని అన్నాడు. "పంపుదమా బిడ్డా? ఆమె అన్నదాంట్ల తప్పు లేదు గదా."

"పంపితె అక్క మల్ల రాదు బాపూ. వచ్చినా సుట్టమోలె వచ్చిపోతది" అన్నాడు ప్రభుదాస్.

మర్నాడు తెల్లవారగానే సైకిలు తీసి ఉప్పల్ చౌరస్తా దాకా తొక్కాడు. మేకకాళ్ళు కాల్పించి, కొట్టించి, సంచీలో వేసుకుని వచ్చాడు. స్టవ్వు ముట్టించి గోడ దగ్గర తటపటాయించాడు.

"ఆంటీ, జర వాసనొస్తది."

"మా కిటికీ వేసుకుంటాలే. నువ్వు కానియ్యి" అంది కామాక్షి. కాసేపాగి, మూసిన కిటికీ లోంచే అడిగింది. "అల్లం ఉందా? లేకపోతే ఇస్తాను."

పాయ ఉడికేసరికి ఎండ నడినెత్తికెక్కింది. హన్నా గిన్నె రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"అమ్మ మిరియాలు ఇంకింత ఎక్కువేస్తుండె."

"రేపేస్త" అన్నాడు తమ్ముడు.

ఆ వారంలో హన్నా ముఖం తేటపడింది. పాలు పడ్డాయి. అయినా బట్టల సంచీ సర్దే ఉంది, తలుపు పక్కన. ఎలిజబెత్ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదని అందరికీ తెలుసు.

శనివారం ఇంకో చిక్కు వచ్చిపడింది. కామాక్షి మేనకోడలి పెళ్ళికి సామర్లకోట పోవాలి. రిక్షా ఎక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చింది.

"రేపొక్క రోజు తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఎల్లుండికల్లా వచ్చి వాలతాను."

కానీ ఆదివారం పొద్దున్నుంచే గాలి ఆడలేదు. పసిపిల్ల మెడ నిండా, వీపు నిండా చెమటకాయలు ఎర్రగా పేలాయి. పాలు పట్టినా ఏడుపే, ఊయల్లో వేసినా ఏడుపే. తడిగుడ్డతో తుడిస్తే గొంతు ఇంకా పెద్దదైంది. శాంతయ్య కాసేపు ఎత్తుకు తిప్పి, గంట మోగాక మనసు ఒప్పకుండానే చర్చికి పోయాడు.

"నీళ్ళు వోస్తెనే పండుకుంటది" అంది హన్నా. వాకిట్లో పీట వేసుకుని కూర్చోబోయింది. కాళ్ళు చాపి ముందుకు వంగేసరికి నడుము పట్టేసింది. గోడ పట్టుకుని లేచింది. "నాతోని గాదురా."

ప్రభుదాస్ ఇన్నాళ్ళూ కామాక్షి పక్కన నిలబడి నీళ్ళందించినవాడే. ఎంత వేడి ఉండాలో మోచేయి ముంచి చూడటం తెలుసు. బిడ్డను ఎప్పుడు బోర్లా వేయాలో, ఎప్పుడు తిప్పాలో చూశాడు. చూడటం వేరు. నూనె రాసిన పసిబిడ్డ చేపపిల్లలా జారుతుందని కూడా చూశాడు.

పీట మీద కూర్చున్నాడు. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు రెండూ దగ్గరగా చాపాడు.

"ఇయ్యక్కా."

"దాసూ, పడేస్తవేమోరా!"

"పడెయ్య. నువ్వు నీళ్ళు వొయ్యి."

హన్నా బిడ్డను అతని కాళ్ళ మీద పడుకోబెట్టింది. అతను ఊపిరి కూడా తీసుకోలేదు. నూనె అద్దిన వేళ్ళతో చిన్ని భుజాలు నిమిరాడు. చేతులు, కడుపు, వేలెడంత లేని పాదాలు. బిడ్డ బిగ్గరగా ఏడుస్తూ కాళ్ళు తన్నింది. అతని నుదుటి చెమట ముక్కు మీదికి జారింది. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. బిడ్డను బోర్లా తిప్పి శనగపిండి రాశాడు. హన్నా మొదటి చెంబు పోసింది. చెంబు ఒరిగి సగం నీళ్ళు అతని లుంగీ మీదే పడ్డాయి.

గేటు బయట ఆటో వచ్చి ఆగింది. వాళ్ళకు వినపడలేదు.

రెండో చెంబు సరిగ్గా పడింది. వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు జారేసరికి ఏడుపు కొంచెం సన్నబడింది. ప్రభుదాస్ ఎడమచేయి మెడ కింద పెట్టి బిడ్డను వెల్లకిలా తిప్పాడు. ఇక తల మీద పోయాలి. అతనికి భయమేసింది అప్పుడే. కామాక్షి ఇక్కడ ఏదో చేసేది. ఏం చేసేది?

"పొయ్యనా?" అంది హన్నా.

"ఆగు, ఆగు."

ఇంకొకరి నీడ పీట మీద పడింది. హన్నా చేతిలోని చెంబును ఎవరో మెల్లిగా అందుకున్నారు. ఎలిజబెత్. చర్చి చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తడినేల మీదే కూర్చుంది.

"నొసటి మీద చెయ్యి అడ్డం వెట్టు. గట్ల. కండ్లల్ల పోవు."

అతను అరచేయి అడ్డం పెట్టాడు. ఆమె నీళ్ళు పోసింది, సన్నటి ధారగా, తొందర లేకుండా. అతని చేయి, ఆమె చెంబు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. చివరి చెంబు అయ్యేసరికి బిడ్డ ఏడుపు మరిచిపోయి ఎండలో మెరుస్తున్న జామాకుల వైపు చూస్తున్నది.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.

హన్నా చూపు తలుపు పక్కనున్న సంచీ మీదికి పోయింది. ఎలిజబెత్ దానమ్మ చీరముక్కలో మనవరాల్ని చుట్టింది. ఆ గుడ్డను గుర్తుపట్టిందేమో, అంచును ఒకసారి వేళ్ళతో తడిమింది. బిడ్డను హన్నాకు అందించి గేటు వైపు గట్టిగా అంది.

"నువ్వు పో కొడుకా! ఎవ్వరొస్తలేరు."

"మల్ల అప్ అండ్ డౌన్ అంటివి గదమ్మా!" అన్నాడు వాడు.

"అంటి. ఇప్పుడు వద్దంటున్న. ఇగొస్తున్న, ఒర్రకు."

వాడితో లెక్క తేల్చుకుని తిరిగొచ్చేసరికి హన్నా ఇంకా అక్కడే నిలబడి ఉంది. "అత్తమ్మా" అని మాత్రం అనగలిగింది.

"మూడో నెల దాక ఉండు. నడుము నిమ్మలం కానీ" అంది ఎలిజబెత్. "మొగపోరడు కాళ్ళ మీద నీళ్ళు వోసుడు నేనేడ సూడలే. దానమ్మ సూడవలసిందుండె." అని ముక్కు చీదుకుంది. వెంటనే గొంతు మార్చింది. "పొయ్యి మీద ఏంది వాసన? పాయనా?"

"అవునత్తమ్మా."

"మిరియాలేసినవా?"

"మస్తుగేసిన."

"తిని చెప్త. నువ్వింకా గట్లనే కూసున్నవేందిరా?"

ప్రభుదాస్ కదల్లేదు. కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి, మోకాళ్ళ కింద ఏమున్నదో తెలియడం లేదు.

"తిమ్మిరెక్కినయ్ అత్తమ్మా. లేవొస్తలేదు."

హన్నా ఫక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ వాకిట్లో వినపడిన నవ్వది. ఎలిజబెత్ కూడా నవ్వుతూ తడిచేయి కొంగుకు తుడుచుకుని అతని వైపు చాపింది.

"లే బాలింతా, లే. అన్నం పెడ్దువు గని."