పొడి కాగితం

బావ సంచిలో మడతపెట్టిన తెల్లకాగితం ఒకటి వేసి, మూతికి రెండు ఇనప పట్టీలు కలిపి, మూడు మరలూ బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకున్నాడు. చొక్కా మోచేతుల దాకా తడిసినా పట్టించుకోలేదు. కాసేపటికి సంచి పైకి తీసి, తుడిచి, కాగితం బయటికి లాగి చెంపకు ఆనించుకున్నాడు.

"పొడిగా ఉంది. తీసుకెళ్లు."

గుమ్మంలో నిలబడ్డ అతను కదల్లేదు. బావంటే అతని సొంత అక్క మొగుడే. వంతెనల శాఖ స్టోరులో సామాన్లిచ్చే మనిషి. ఈ సాయంత్రంతో రిటైరవుతున్నాడు. ఆలోపు అతను ఆయనకొక మాట చెప్పాలి. అదీ ఆఫీసు వాళ్లందరి ముందూ చెప్పాలి. ఎనిమిదేళ్లుగా అది నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది.

"బావా..."

"ఏమోయ్?"

"ఏం లేదు. సాయంత్రం చెప్తాలే."

ఆ సంచి దళసరి మెత్తటి ప్లాస్టిక్‌ది. ముందువైపు లెన్సు కోసం గుండ్రటి అద్దం, పక్కన లోపలికి వేలాడే గ్లౌజు. కెమెరా లోపల పెట్టి, గ్లౌజులో చెయ్యి దూర్చి మీట నొక్కాలి. లోతుకు పోయేకొద్దీ నీళ్లు సంచిని నొక్కేసి కెమెరాకు అంటించేస్తాయి. అలా నదిలోకి దిగి వంతెన స్తంభాల పగుళ్లు ఫొటోలు తీయడమే అతని ఉద్యోగం. పైన బస్సులు పోతుంటాయి. కింద ఒక మనిషున్నాడని ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అప్పట్లో పడవలో అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుని కూర్చునేది బావే. సంచి మూసేదీ ఆయనే. ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు ఆయన మూసిచ్చి అటు తిరగగానే, లెన్సు మూత తీయలేదని అతనికి గుర్తొచ్చింది. సంచి విప్పి, మూత తీసి, హడావుడిగా మళ్లీ బిగించాడు. నీళ్లలోంచి పైకొచ్చేసరికి సంచి నిండా నీళ్లు, అందులో కొత్త కెమెరా. పట్టీల మధ్య అతని స్వెటరు నీలం దారం ఇరుక్కుని ఉంది. గుట్టుచప్పుడు కాకుండా లాగి పిడికిట్లో దాచేశాడు.

"మూసిందెవరు?" అన్నాడు ఇంజనీరు.

అతనికింకా ఉద్యోగం ఖాయం కాలేదు. "బావ," అన్నాడు.

"నేనే సార్," అన్నాడు బావ.

నీళ్లంటే ప్రాణం పెట్టే మనిషిని పడవ దింపేసి స్టోరులో కూర్చోబెట్టారు. 'లీకేజీ గారు' అని పేరు పడిపోయింది. అక్క కూడా అన్నం వడ్డిస్తూ, "మీ బావ చేత డబ్బా మూత కూడా పెట్టించకురోయ్!" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నీళ్ల అడుగున కూడా అతని చెవులు వేడెక్కుతాయి.

నాలుగింటికి స్టోరులోనే చిన్న సభ పెట్టారు.

"మన లీకేజీ గారు వెళ్లిపోతున్నారు. కెమెరాలు బతికిపోయాయి!" అన్నాడు ఇంజనీరు. స్టోరంతా గొల్లుమంది. బావ కూడా నవ్వాడు. "బావమరిది గారు రెండు మాటలు మాట్లాడాలి!" అని ఎవరో కేకేశారు.

అతను లేచాడు. బావ ముఖం చూడలేక ఆయన చొక్కా గుండీల వంక చూశాడు.

"మా బావ... చాలా మంచి మనిషి," అని కూర్చుండిపోయాడు.

చప్పట్లు కొట్టారు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

అందరూ వెళ్లాక బావ తాళాలు బల్ల మీద పెట్టి, టిఫిన్ డబ్బా చేతికి తగిలించుకున్నాడు. పోతూ పోతూ అతని భుజం తట్టాడు.

"రేపటి సంచి కూడా చూసి పెట్టాను. ఇకమీదట నువ్వే చూసుకోవాలి మరి."

"అలాగే బావా."

బావ బస్సు స్టాపు వైపు నడిచి వెళ్లిపోయాడు.

తొట్టి పక్కన కొక్కేనికి సంచి వేలాడుతోంది. అతను మరలు విప్పి కాగితం తీశాడు. మడత మధ్యలో బావ గుండ్రటి అక్షరాలు కనిపించాయి.

'మళ్లీ విప్పి బిగించినప్పుడు దారాలేమైనా ఇరుక్కున్నాయేమో చూసుకో. నీలం దారం త్వరగా కంటికి ఆనదు.'

కాగితం బల్ల మీద పడేసి అతను గేటు దాకా పరుగెత్తాడు. బస్సు వంతెన మీదికి ఎక్కేసింది.

స్టోరులో బల్ల మీద, తాళాల పక్కన, ఆ కాగితం ఒక్క చుక్క తడి లేకుండా ఉంది.