ఆపరేషన్ అయిన మనిషి

"ఆపరేషన్ అయ్యింది గదా? పక్కానేనా?"

పెళ్లికొడుకు అక్క చంద్రవ్వ ఆ మాట నన్ను అడగలేదు. వంటగది గడప దగ్గర నిలబడి మా వదినెను అడిగింది. నేనక్కడే, ఆమెకు మూరెడు దూరంలో, అటుకుల పోహా ప్లేట్లలో సర్ది మీద కొత్తిమీర చల్లుతున్నాను. పెళ్లిచూపులు నాకే, పోహా చేసిందీ నేనే.

"అయ్యో, పక్కా అక్కా. కొడుకు పుట్టినంక అప్పుడే అయ్యింది. కాగితం గూడ ఉన్నది" అంది వదినె రూపాలి. పంతొమ్మిదేళ్ల కిందటి కాగితం అది. ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు, వదినెకు గుర్తుంది.

"గట్లయితె ఇగ ఫికర్ లేదు. మా తమ్మునికి ఒక్కతే బిడ్డ. దానికి పోటీ రావద్దు" అని చంద్రవ్వ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

మాలో రెండో సంబంధాలకు ఇదొక పద్ధతి. భివండిలో మా కులసంఘం ఆఫీసులో ఆ సంబంధాల ఫైలు ఒకటి ఉంటుంది. ఆడవాళ్ల కాగితంలో వయసు తరవాత గడి అదే, ఆపరేషన్ అయినదా, కానిదా. మగవాళ్ల కాగితంలో ఆ చోట ఉండే గది సొంతమా, కిరాయిదా అని ఉంటుంది. నాకు నలభై ఏళ్లు, రంగు తక్కువ, మెట్రిక్ ఫెయిలు. అయినా నా కాగితం పైకొచ్చిందంటే ఆ ఒక్క గడి పుణ్యమే. ఇరవై ఒకటో ఏట కడుపు కోయించుకున్నందుకు ఇన్నాళ్లకు దొరికిన గౌరవం!

టీ తీసుకుని పెళ్లికొడుకు కూర్చున్న ముందుగదిలోకి వెళ్లాను. హనుమాండ్లు మాన్‌కోలి గోదాములో లోడింగ్ ముకాదం, అంటే హమాలీల మేస్త్రీ. నలభై ఆరేళ్లు, చెవుల దగ్గర నెరిసింది. నన్ను చూసి తన తల వైపు వేలు చూపించి, "ఈడ దూది అంటింది" అన్నాడు మెల్లగా. కారఖానాలో కండెలు చుట్టే నాలాంటి ఆడవాళ్ల జుట్టులో దూది ఎప్పుడూ ఉంటుంది, దాన్ని చూసేవాళ్లే ఉండరు. నేను దులుపుకుంటుంటే ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇందులో దాచడానికేముంది, చాలా నచ్చింది.

మా అన్న కనుకయ్య మర్యాదకు అడిగాడు, మొదటామెకు ఏమైందని. చంద్రవ్వే అందుకుంది. "గర్భసంచి మూతికి క్యాన్సర్ అన్నా. ఎనిమిది నెలలు ముంబై తిప్పినం. ఏం జెప్పాలె, పెంటవ్వకు సాఫ్‌సఫాయి లేకుండె. నెలబట్టలు ఎండల ఆరెయ్యకపోతుండె. చేతులార తెచ్చుకున్నది."

అందరూ అయ్యో అన్నారు. హనుమాండ్లు తల వంచుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. భార్యను తలచుకుంటున్నాడనుకున్నాను. పాపం అనుకున్నాను కూడా. నెల తిరక్కుండా పెళ్లి అనుకున్నారు.

కామత్‌ఘర్‌లో అన్న ఇల్లు ఒక గది, వంటగది. ఆ వంటగదిలోనే నేను పడుకుంటాను. ఎవరొచ్చినా అన్న "మా చెల్లె మా దగ్గర్నే ఉంటది, మాకేం బరువు గాదు" అంటాడు, నేను రొట్టెలు కాలుస్తూ వింటాను. తెల్లారి నల్లా వచ్చే వేళకు లేచి నీళ్లు పట్టేది ఈ బరువు కాని మనిషే. తరవాత కారఖానాకు పోయి సాంచెలకు, అంటే కరెంటు మగ్గాలకు, కండెలు చుట్టి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తాను. కొడుకు పుణెలో ఉద్యోగం చేసుకుంటున్నాడు, బిడ్డ షోలాపూర్‌లో అత్తగారింట్లో ఉంది. "చేసుకో అమ్మా, ఎన్నాళ్లు ఆడ ఉంటవ్" అన్నారు ఇద్దరూ. వాళ్లు ఇంటి గురించి అన్నారు. నాకు ఇల్లు ఒక్కటే కాదు, మనిషి కూడా కావాలి. పక్కన పడుకుని, ఒళ్లు నొప్పిగా ఉందా అని అడిగే మనిషి. ఆ మాట నలభై ఏళ్ల విధవ నోట వస్తే మా వదినె చెవులు మూసుకుంటుంది.

సిద్ధిరాములు, అంటే నా భర్త, నన్ను కొట్టేవాడు కాదు. ఈ మాట చెప్పగానే అందరూ అదృష్టవంతురాలివన్నట్టు చూస్తారు. శుక్రవారం సాంచెలు బంద్. ఆ రోజు పొద్దున పోయినవాడు ఎక్కడ తిరిగి ఎప్పుడొచ్చేవాడో తెలియదు. అడిగితే "మొగోణ్ణి లెక్కలడుగుతవా" అనేవాడు. ఆపరేషన్ కుట్లు ఆరకముందే "ఇగ నీకేం భయం, పిల్లలు గారు గదా" అన్నాడు. నొప్పి అన్నది ఒకటుంటుందని ఆయనకు తోచలేదు. తెల్లబట్ట అవుతోందనీ, నడుము విరిగిపోతోందనీ అత్తకు చెప్పుకుంటే, "గది రోగమా? ఆడపుట్టుక పుట్టినంక ఉండేదే" అంది. ఆరేళ్ల కింద ఆయన టీబీతో పోయాడు. ఊపిరితిత్తుల్లో దూది నిండిందని అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆయన నాలో ఏం నింపి పోయాడో అప్పుడు నాకు తెలియదు.

పెళ్లిచూపులైన వారానికి మా కారఖానాకు శారోన్ సిస్టర్ వచ్చింది. మునిసిపాలిటీ దవాఖానలో నర్సు, మన తెలుగమ్మాయే. ముప్పై దాటిన ఆడవాళ్లు గర్భసంచి మూతి పరీక్ష చేయించుకోవాలని చెప్పి కాగితాలు పంచింది. ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చంద్రవ్వ అన్న మాట చెవిలో తిరుగుతోంది. బట్టలు ఎండలో ఆరేయకపోతే మనిషి చచ్చిపోతుందా? అలాగైతే ఈ ఒంటిగదుల చాళ్లలో ఎండ పడే తీగ ఎవరికుంది? శుక్రవారం దవాఖానకు వెళ్లి పరీక్ష చేయించుకొచ్చాను.

ఫలితం వచ్చాక శారోన్ తలుపు దగ్గరకేసి కూర్చోబెట్టింది.

"అక్కా, భయపడకు. ఇది క్యాన్సర్ గాదు. హెచ్‌పీవీ అని ఒక వైరస్ నీ ఒంట్ల ఉన్నది. కాపురం చేసిన ఆడోళ్లల్ల, మొగోళ్లల్ల శానా మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి దానంతటదే పోతది. కొందరికే పోకుంట ఏండ్లకేండ్లు ఉండిపోతది. అట్ల ఉంటేనే మూతికాడ చెడుతది. డాక్టరమ్మ చూసింది, నీకిప్పుడు ఏం లేదు. ఏడాదికి మళ్ల రావాలె, మర్వద్దు."

"మా ఆయన పోయి ఆరేండ్లాయె సిస్టర్. ఆయన తప్ప..."

ఆమె అడగలేదు. అయినా సంజాయిషీ ముందు వచ్చింది. మాకు అట్లా అలవాటైపోయింది.

"పదేండ్ల కింద వచ్చినా ఇయ్యాల కనబడొచ్చు. ఎవలి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, గీ కాగితం చెప్పదు. ఇది నీ క్యారెక్టర్ మీద రిపోర్టు గాదక్కా."

"మరి నాకు ఆపరేషన్ అయ్యింది గదా?"

అడిగాక నా మీద నాకే అసహ్యం వేసింది. నేనూ చంద్రవ్వలాగే మాట్లాడాను. ఆపరేషన్ అయితే ఆడదానికి ఇక ఏ భయమూ లేదని పంతొమ్మిదేళ్లు నేనూ నమ్మాను. శారోన్ నవ్వలేదు. "గది పిల్లల్నే ఆపుతది. రోగాల్ని ఆపదు" అంది. ఆపరేషన్ టేబుల్ మీద ఎక్కించిన రోజున ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పారా? చేయించుకున్నందుకు స్టీలు బిందె ఇచ్చి పంపారు.

పెళ్లి సంగతి చెప్పాను. ఆమె నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పింది. నిరోధ్ వాడితే ప్రమాదం చాలా తగ్గుతుందట, పూర్తిగా పోదట, చర్మానికి చర్మం తగిలినా అంటుకునే రకమట. మగవాళ్లకు దీనికి పరీక్ష లేదట, కాబట్టి ఆయనకు లేదని ఎవరూ చెప్పలేరట. నాకు ఇప్పుడు టీకా సూది వేసినా ఉన్న వైరస్‌ను తీసేయదట. ఆడపిల్లలకు మాత్రం తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపల వేయిస్తే బాగా కాపాడుతుందట.

"పెండ్లికి ముందు ఆయనకు చెప్పు. దాచుకుంట మొదలుపెట్టకు" అని ఒక నిరోధ్ ప్యాకెట్టు కాగితంలో చుట్టి ఇచ్చింది.

వారం రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే ఈ సంబంధం పోతుంది, దానితో పాటు నా పరువు కామత్‌ఘర్ గల్లీలన్నీ తిరుగుతుంది. వంటగదిలో చాప మీద పడుకుని ఆయన నవ్వు గుర్తు చేసుకున్నాను. ఉండనీ, నోరు మూసుకుందాం అనుకున్నాను. కానీ నాకు చెప్పకుండా నా ఒంట్లోకి ఒకరు తెచ్చిపెట్టినదాన్ని, చెప్పకుండా నేను ఇంకొకరి ఒంట్లోకి పంపలేను. తెలియక జరిగితే వేరు. నాకు తెలుసు కదా.

శుక్రవారం మధ్యాహ్నం మాన్‌కోలి నాకా దగ్గర చెరుకురసం బండి వెనక బెంచీ మీద నేనూ, నేను రమ్మన్న హనుమాండ్లూ కూర్చున్నాం. నాకు గొంతు పట్టేసిందని గమనించి, "ఈమె రసంల బర్ఫ్ గడ్డ వద్దు" అని ఆయనే చెప్పాడు. ఇంత బాగా చూసుకునే మనిషికి ఈ మాట చెప్పడం ఇంకా కష్టమైంది. పరీక్ష చేయించుకున్నాననీ, గర్భసంచి మూతిలో ఏదో వైరస్ ఉందన్నారనీ, ఇప్పటికి ప్రమాదం లేదనీ, పెళ్లయ్యాక నిరోధ్ వాడాలనీ చెప్పాను. చెప్తున్నంతసేపూ నేల వైపే చూశాను.

ఆయన ఉలిక్కిపడలేదు. ముందు అడిగిందేమిటంటే, "ఇంక ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"మంచిగైంది. మా అక్కకు చెప్పకు." గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. గొంతులో ఎంత దయ! "చూడు జమున, నేనేం అనుకోను. నీ పాతది ఏదున్నా నాకు ఫరక్ పడది. నేను నిన్ను మాఫ్ చేసిన."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించబోయాను. ఇప్పటికీ అది తలచుకుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

"గా హెచ్‌పీవీ ఉన్నోళ్లందరికి క్యాన్సర్ గాదు తియ్యి" అన్నాడు ఓదారుస్తూ.

నేను వైరస్ అన్నాను. పేరు చెప్పలేదు. నోరు తిరుగుతుందో లేదోనని వదిలేశాను.

"గా పేరు మీకెట్ల తెలుసు?"

ఆయన రోడ్డు మీద పోతున్న ట్రక్కు కేసి చూశాడు. అది వెళ్లిపోయాక కూడా అటే చూశాడు. "పెంటవ్వప్పుడు... డాక్టరమ్మ చెప్పింది. దాంతోనే వచ్చిందన్నది."

"ఎన్నడు?"

"మూడేండ్లాయె."

"మీ అక్క మా ఇంట్ల గూసోని, పెంటవ్వకు సాఫ్‌సఫాయి లేదన్నది. మీరు వినుకుంట గూసున్నరు."

"పోయినామె పోయింది. ఏమంటే ఆమెకేంది? నిజం చెప్తే నలుగురు నన్నంటరు."

"నాకన్న చెప్పాలె గదా."

"నీకు ఆపరేషన్ అయ్యింది గదా. పిల్లల భయం లేనప్పుడు గివన్ని ముచ్చట్లెందుకనుకున్న."

పెంటవ్వకు ఆయన వల్లే వచ్చిందని నేననను. ఎవరి నుంచో కాగితం చెప్పదు. ఆయనకు తెలియకుండానే ఆయనకూ వచ్చి ఉండొచ్చు, అందులో ఆయన తప్పేమీ లేదు. తెలిశాక మూడేళ్లు నోరు మూసుకోవడం మాత్రం వైరస్ చేసిన పని కాదు. చచ్చిపోయిన ఆడదాన్ని మురికిదంటుంటే తల వంచుకుని విన్నాడు. బతికున్న ఇంకో ఆడదాన్ని తెలిసి తెలిసి తన మంచం మీదికి పిలుస్తున్నాడు. నేను భయపడుతూ నిజం చెప్తే, నన్ను క్షమిస్తున్నాడు!

"మీ బిడ్డ నేహకు ఎన్నేండ్లు?"

"పదమూడు."

"సూది ఏయించిండ్రా?"

"డాక్టరమ్మ గప్పుడే చెప్పింది. ఏయించలే. గంత పోరికి గా రోగం సూది ఎందుకని ఎవలన్న అడిగితే ఏం జెప్పాలె? అయినా గివన్ని ఆడోళ్ల పనులు. పెండ్లయినంక నువ్వే తీస్కపో, తల్లివైతవ్ గదా."

ఆయనకు కావాల్సింది ఇదా అనిపించింది. నేను ఆయన ఇంట్లో కాలు పెట్టకముందే నాకు పని తయారుగా ఉంది. ఆయన మూడేళ్లు మోయలేని మాటను నా నెత్తిన పెట్టి మోయిస్తాడు. ఇక ఆ పిల్ల! పెళ్లికి ఊఁ అంటే మర్నాడే దాన్ని శారోన్ దగ్గరికి తీసుకుపోగలను. ఆ ఒక్క ఆలోచన నన్ను చాలాసేపు ఆ బెంచీకి కట్టేసింది. తల్లి పోయిన పిల్లను చూపించి ఆడదాన్ని ఒప్పించడం ఎంత తేలికో నాకు అప్పుడే అర్థమైంది.

సంచిలోంచి శారోన్ నంబరున్న కాగితం తీసి ఆయన చొక్కా జేబులో పెట్టాను. "పద్నాలుగు నిండకముందే తీస్కపోండ్రి. నేను తల్లినైనా కాకపోయినా, మీరు తండ్రే గదా. సోమవారం నేను సిస్టర్‌ను అడుగుత, పిల్లను తేకపోతె ఈ ముచ్చట మీ అక్కకు నేనే చెప్త."

"బెదిరిస్తున్నవా?" అన్నాడు. ఆ గొంతులో దయ లేదు.

"అవ్" అన్నాను.

షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని వస్తూ ఏడ్చాను. ఆయన కోసమే ఏడ్చాను, అబద్ధమెందుకు. ఇంటికొచ్చేసరికి వదినె పెళ్లికి పిలవాల్సిన వాళ్ల పేర్లు రాస్తోంది. ఈ పెళ్లి వద్దని చెప్పాను. ఆమె పెన్ను కింద పడేసింది.

"ఏందే జమునా, పిచ్చి లేసిందా? ఇట్లాంటి సంబంధం మళ్ల వస్తదా? మీ అన్నకు ఏం జెప్పాలె? తాగొచ్చిండా? చెయ్యి లేపిండా? ఏమన్నడు నిన్ను?"

"ఏమనలేదు వదినె. నన్ను మాఫ్ చేసిండు" అన్నాను. "నేను చెయ్యలే."