దగ్గు మీట

సభ వెనక అద్దాల గదిలో కూర్చుని మాటల్ని ఇంకో భాషలోకి మార్చి చెప్పే దుబాసీ ముందు రెండు మీటలుంటాయి. ఒకటి మైకుది, రెండోది దగ్గుది. దగ్గో తుమ్మో వచ్చినప్పుడు రెండోదాన్ని నొక్కి పట్టుకుంటే సభలో ఎవరి చెవికీ చప్పుడు చేరదు. మన దుబాసీ మటుకు దాన్ని తన దగ్గుకంటే వాణిజ్య శాఖ కార్యదర్శి నోటికే ఎక్కువ వాడింది.

ఆయనకి మైకు కట్టేసే అలవాటు లేదు. దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, ఆయన పక్కనున్న సహాయకుడి వైపు వంగి ఎదుటివాళ్ళని నోటికొచ్చినట్టు తిడుతూనే ఉంటాడు. మైకులో పడ్డ ప్రతి మాటా మార్చి చెప్పాలన్నది నియమం. అలాంటివి మింగెయ్యాలన్నది ఆనవాయితీ. ఆమె ఏళ్ళ తరబడి మింగింది. ఆయన తిట్లు మింగి, మొరటు మాటలకి నగిషీలు చెక్కి, పరాయి భాషలో ఆయన్ని పెద్దమనిషిని చేసి నిలబెట్టింది.

అదంతా ఉద్యోగ ధర్మమనుకునేది పక్క కుర్చీలోని తోటి దుబాసీ, ఆమె అక్కా అని పిలిచే పెద్దావిడ. ధర్మమూ లేదు, తద్దినమూ లేదు. ప్రతి సభకీ "ఆ అమ్మాయినే పెట్టండి" అని, గొంతే తప్ప మొహం ఎరగని ఆయన నోటితోనే అనిపించుకోవాలి. అనిపించుకుంది. ఇక అదను రావాలంతే.

ఆమె అన్నయ్యది గొడుగుల కార్ఖానా. తండ్రి పోయాక ఊచలు బిగించి, గుడ్డ కుట్టించి, చెల్లెలికి రెండు భాషలు చెప్పించినవాడు. కొన్నేళ్ళ కిందట బయటి దేశాల గొడుగుల మీద దిగుమతి సుంకం ఒక్క సంతకంతో ఎత్తేశారు. ఆ సంతకం ఈ కార్యదర్శిదే. ఇంకో ఏడాదైనా గడువివ్వమని అడగడానికి అన్నయ్య తోటివాళ్ళతో కలిసి ఆఫీసుకి వెళ్ళాడు. ఆరోజు గాలివాన. తడిసి ముద్దయి నిలబడ్డవాళ్ళని ఆయన ఎగాదిగా చూశాడు.

"గొడుగులు చేసేవాళ్ళే తడిసొచ్చారేంటయ్యా? మీ సరుకు మీకే నమ్మకం లేదన్నమాట!" అన్నాడు.

గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. పని కావాల్సినవాడు కదా, నవ్వక ఏం చేస్తాడు? ఇంటికొచ్చి ఆ సంగతి చెల్లెలికి చెబుతూ మళ్ళీ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇప్పుడు అన్నయ్య బస్టాపు పక్కన పేవ్‌మెంటు మీద అవే బయటి గొడుగులు అమ్ముతున్నాడు. కార్ఖానా పోయినందుకైనా ఆమె క్షమించేదేమో. అన్నయ్య చేత అలా నవ్వించినందుకు మాత్రం ఈ జన్మకి క్షమించదు.

ఆ అదను ఇవాళ వచ్చింది. ఈ దేశపు వాణిజ్య విధానాన్ని సమీక్షించడానికి పది దేశాల ప్రతినిధులు ఈ నగరానికే వచ్చి కూర్చున్నారు. సమీక్ష సాఫీగా గట్టెక్కితే కార్యదర్శికి అంతర్జాతీయ సంస్థలో పెద్ద కుర్చీ ఖాయం. కొత్త కోటు తొడుక్కుని పెళ్ళికొడుకులా వచ్చాడు.

మధ్యాహ్నం దాకా అంతా పొగడ్తలే. అప్పుడు అధ్యక్షత వహిస్తున్న పరదేశపు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అడిగింది: "గొడుగుల మీద సుంకం ఒక్కసారిగా తీసేశారు. ఆ పని మీద బతికేవాళ్ళకి ముందుగా ఏ ఏర్పాటు చేశారు?"

దుబాసీ ఆ ప్రశ్నని ఆయన చెవిలో వేసింది.

కార్యదర్శి మార్చిన మాట వినిపించే చెవిగొట్టం తీసి బల్ల మీద పడేసి, సహాయకుడి వైపు వంగాడు. ఎర్ర దీపం వెలుగుతోంది.

"ఇప్పుడీ గొడుగులాళ్ళ గోల ఎవడు తీశాడ్రా? ఆ అతుకులగాళ్ళు ఉంటే ఎంత, పోతే ఎంత! ఏర్పాటంట, నా మొహం. సహాయ నిధి ఏదో ఉందని చెప్పేస్తే సరి. వీళ్ళేమైనా వీధుల్లోకి దిగి చూస్తారా?"

అలవాటుకొద్దీ ఆమె వేలు దగ్గు మీట మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వెనక్కి తీసుకుంది.

పొల్లు పోకుండా చెప్పింది. నగిషీ లేకుండా, "నా మొహం"తో సహా చెప్పింది. అక్క గబుక్కున తనే మీట నొక్కబోతే దుబాసీ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. మైకు కట్టేసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది.

"పిచ్చెక్కిందే నీకు? ఉద్యోగం ఊడుతుందే!"

"ఊడనీ అక్కా."

ఈలోగా కార్యదర్శి నిటారుగా కూర్చుని, "చాలా మంచి ప్రశ్న. గొడుగుల కార్మికుల కోసం ప్రత్యేక సహాయ నిధి ఏర్పాటు చేశాం" అన్నాడు. దుబాసీ మైకు మళ్ళీ వేసి దాన్నీ అంతే శ్రద్ధగా చెప్పింది.

సభలో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. కాగితాల మీద గీతలు గీసుకుంటున్నవాళ్ళు కూడా గీతలు ఆపి ఆయన్నే చూస్తున్నారు. తన మాట ఇంత శ్రద్ధగా ఎవరూ ఏనాడూ వినలేదు కాబట్టి కార్యదర్శి ఉబ్బితబ్బిబ్బయి, టై సర్దుకుని, జవాబు కోసం చెవిగొట్టం పెట్టుకున్నాడు.

అధ్యక్షురాలు ఒక్కో మాటే ఒత్తి పలికింది. ఎన్నో ఏళ్ళుగా స్నానాల గదిలో, బస్సులో, దిండు మీద దుబాసీ తనలో తాను అనుకున్న మాటలకి అవి ఎంతో దూరంలో లేవు. చెల్లెలి గొంతుతో అవి కార్యదర్శి చెవిలోకి వెళ్ళాయి.

"మీ జవాబు రెండు భాగాలూ విన్నాం. పక్కనున్నాయనతో అన్నదాన్నే నమ్ముతున్నాం. మేం వీధుల్లోకి దిగి చూడబోమనుకున్నారు. రేపు పొద్దున్నే దిగుతాం. మీ నిధి సాయం అందుకున్న అతుకులగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

కార్యదర్శి మొహంలో నెత్తుటి చుక్క లేదు. సహాయకుణ్ణి చూశాడు, వాడు బల్లని చూశాడు. మైకు దీపాన్ని చూశాడు. చివరికి ఇన్నేళ్ళలో మొదటిసారి, తల తిప్పి అద్దాల గదిని చూశాడు.

"ఎవర్రా ఆ గదిలో ఉన్నది?" అన్నాడు, దీపం వెలుగుతుండగానే.

ఆమె దాన్నీ మార్చి చెప్పింది. సభ మొత్తం అద్దం వైపు తిరిగింది.

దుబాసీ సొంత మాట చెప్పకూడదు. ఆమె ఏనాడూ చెప్పలేదు కూడా. ఇప్పుడు ముందు పరాయి భాషలో సభకి చెప్పింది. తర్వాత మన భాషలోకి మారి, ఆయన కళ్ళలోకే చూస్తూ ఆయన చెవిలో చెప్పింది.

"తడిసొచ్చిన గొడుగులాయన చెల్లెల్నండీ."

ఆయన నవ్వలేదు. ఆమె తన చెవిగొట్టం తీసి అక్క ముందు పెట్టి, గదిలోంచి బయటికి నడిచింది.