ముందు భుజాలు, తర్వాత కాళ్ళు

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది నలుగురు: మంచం మీద టీచరమ్మ, ఆమె కూతురు, అల్లుడు, టీచరమ్మ నడుం కింద చేతులు పెట్టి వంగిన ఆయా.

మంచాన పడ్డవాళ్ళను పక్కకు తిప్పడమే ఆయా పని. ముందు భుజాలు జరుపుతుంది, తర్వాత కాళ్ళు. మనిషి వెనక్కి దొర్లకుండా వీపుకు దిండు ఆనిస్తుంది. వీపు పుండు పడకపోతే ఆమెకు అదే పదివేలు.

"అమ్మను మాట్లాడించకు ఆయా, ఆయాసపడుతోంది," అంది కూతురు వంటింట్లోకి వెళ్తూ.

"హాజరు వేసుకున్నాకే పాఠం మొదలుపెట్టండి అత్తయ్యా," అని నవ్వి, అల్లుడు కూడా వెళ్ళాడు.

టీచరమ్మ ఒకప్పుడు బళ్ళో జీవశాస్త్రం చెప్పేది. నిన్న ఆయా తిప్పుతుంటే ఉన్నట్టుండి నవ్వింది. "నీ పనే నా ఒంట్లోనూ జరుగుతోందే," అంది. ప్రతి కణంలోనూ రైబోజోములని బోలెడు ఉంటాయట. ప్రొటీన్లను పూసల దండల్లా అల్లేది అవే. టీఆర్ఎన్ఏలనేవి ఒక్కో పూసా, అంటే ఒక్కో అమైనో ఆమ్లం, వాటికి మోసుకొస్తాయి. రైబోజోము లోపల ముందే ఉన్న టీఆర్ఎన్ఏ తన దండ మొత్తాన్ని కొత్తగా వచ్చినదానికి అందిస్తుంది. అప్పుడు రెండూ ఒక్కో చోటు జరగాలి. ముందు పైభాగం జరుగుతుంది, తర్వాత కాళ్ళు. వెనక్కి జారకుండా ఇంకో ప్రొటీను వచ్చి అడ్డుగా ఆనుకుంటుంది, అచ్చం దిండులాగే. అక్కడికి వచ్చేసరికి టీచరమ్మకు ఊపిరి అందలేదు.

నిన్న రాత్రి ఇంటికెళ్ళి గిన్నెలు తోముతూ ఆయా తన చేతిని చూసుకుంది. పగుళ్ళు బారిన ఈ చేతిలో, చప్పుడు లేకుండా, ఇంతమంది పనివాళ్ళా? దండ ఇచ్చేసినదాని గతేమిటో మాత్రం తెలియలేదు.

"ఇవాళ వచ్చినప్పట్నుంచీ ఏదో నాన్చుతున్నావు, అడగవేమే?" అంది టీచరమ్మ.

"అమ్మాయిగారు కోప్పడతారు."

"అది చిన్నప్పుడు నా పాఠంలో ఆవలించేది. దాని మాటకేం గానీ, కళ్ళజోడు తుడువు. నీ మొహం చూసి చెప్పాలి."

ఆయా కొంగుతో తుడుస్తూ నెమ్మదిగా అడిగింది. "అంతా ఇచ్చేసినదాన్ని పారేస్తారామ్మా?"

"పారెయ్యరే. ఖాళీ చేతుల్తో బయటికి పోతుంది. మళ్ళీ పూస ఎత్తుకుని వస్తుంది."

"ఎవరు రమ్మంటారు?"

"ఎవరూ అనరు."

"ఇప్పుడు కూడానా? మీ ఒంట్లో?"

"ఇప్పుడు కూడా."

ఆయా ఆ సన్నటి ఒంటిని కళ్ళార్పకుండా చూసింది. చూస్తుండగానే దుప్పటి లేచి దిగడం ఆగిపోయింది.

"అమ్మా," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది.

కూతురు పరుగున వచ్చి తల్లి చెంపలు పట్టుకుంది. "నువ్వు బయటికి వెళ్ళు ఆయా," అంది వెనక్కి తిరగకుండా.

ఆయా గడప దాటింది. టీచరమ్మ ఒంట్లోని ఆ బుల్లి పనివాళ్ళకు ఈ సంగతి ఇంకా తెలిసి ఉండదు అనుకుంది. ఎక్కడో ఒకటి ఇంకా జరుగుతూనే ఉంటుంది, ముందు పైభాగం, తర్వాత కాళ్ళు.

అల్లుడు వచ్చి తలుపు మూశాడు.

కళ్ళజోడు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఒక అద్దం తళతళలాడుతోంది. రెండోదాని మీద టీచరమ్మ వేలిముద్ర అలాగే ఉంది.