ముట్టుకోవద్దన్న నలభై లైన్లు

అయినా ఈ కుర్చీ చక్రం కిర్రుమంటుందని ఇవాళే తెలియాలా, కదలకపోతే కిర్రుమనదు, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటే ఎవరూ ఇటు చూడరు, చూడరనే అనుకుందాం, గదిలో ఉన్నది నలుగురే, మేనేజరు సారు, మీసాలాయన, టెస్టింగ్ అక్క, తను, నలుగురిలో ఒకరు నోరు మెదపకపోతే మిగతా ముగ్గురికీ తెలిసిపోదూ, బోర్డు మీద సారు రాసింది ఒకటే ప్రశ్న, తాతయ్యని ఉంచాలా, పంపించాలా, తాతయ్యంటే మనిషి కాదు, పాత బ్రౌజరు, రక్తపరీక్షల ల్యాబుల్లో కౌంటరు వాళ్లు ఇప్పటికీ రిపోర్టు తెరిచి ప్రింటు తీసేది దాంట్లోనే, దానికోసమే మూల బల్ల మీద ఓ ముసలి కంప్యూటరు కూడా ఉంది, అది లేచి కూర్చునేలోపు టీ తాగి కప్పు కడుక్కుని రావచ్చు, మీసాలాయన ఎప్పట్లాగే తాతయ్య పక్షం, పాతదైతే ఏం సార్, నమ్మకస్తుడు, ఏ బటన్ ఎక్కడుందో కౌంటరు వాళ్లకి కళ్లు మూసుకున్నా తెలుసు, కొత్తది పెడితే రోజుకి వంద ఫోన్లు, ఎత్తాల్సింది నేను, అక్క ఊరుకుంటుందా, ఎత్తండి, కబుర్లంటే మీకు ప్రాణమేగా, అదే పేజీ కొత్త బ్రౌజర్లో ఒకసారి, మీ ముసలాయన దగ్గర ఒకసారి పరీక్షిస్తూ రెండు కాపురాలు చేస్తున్నాను నేను, అరవై రెండు పేజీలు, ప్రతి శనివారమూ, మా పాప ఈత నేర్చుకుందట, అది ఈదడం నేనింకా చూడనేలేదు, నవ్వుతూనే అంది, ఆ నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయింది, తను గోళ్లకేసి చూసుకుంది, గోళ్లలో ఏముంటుంది చూడటానికి.

పంపించేయాలనే నాకూ ఉంది, అన్నాడు సారు, కానీ రిపోర్టు పేజీ కోడులో ఆ నలభై లైన్లున్నాయిగా, కొత్త బ్రౌజరుకి అవి పడవు, అవి తీస్తేగానీ పేజీ దాంట్లో తెరుచుకోదు, తీద్దామంటే పైన హెచ్చరిక, ఆ హెచ్చరిక తనకి కంఠతా వచ్చు, రాసింది తనేగా, ఈ నలభై లైన్లు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే రిపోర్టులో చివరి గడి ఎగిరిపోతుంది, చివరి గడిలో ఉండేది రోగి చక్కెర అంకె, అది ఎగిరిపోతే ఎవరి చక్కెర ఎంతో ఎవరికి తెలుస్తుంది, అందుకే ఏడేళ్లుగా అందరూ ఆ లైన్ల పక్కనుంచి నిద్రపోతున్న పసిపిల్లని దాటినట్టు దాటుకుంటూ వెళ్లారు, నీ లైన్లే కదమ్మా, అన్నాడు సారు, తీస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు, ప్రమాదమంటావా, ఇంకో ఏడాది ఇలాగే లాగిద్దాం, ఇంకో ఏడాది అంటే ఎన్ని శనివారాలు, యాభై, యాభై రెండు, తల ఊపితే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు, ప్రమాదమే సార్ అన్నట్టు ఒక్కసారి ఊపితే అయిపోతుంది, బళ్లో కూడా అంతే, హాజరు పిలిస్తే పక్కపిల్ల పలికేది ఉందండీ అని, దుకాణానికి వెళ్తే ఏం కావాలో అమ్మే చెప్పేది, దీనికి నేను లేకపోతే ఎలాగో అని అమ్మ నవ్వేది, పొద్దున ఫోన్లో సంగతంతా వినేసి కుట్టుమిషను ఆపకుండానే, ఇదా ఇంతసేపూ ఏడ్చింది, నేను రోజుకో కుట్టు విప్పుతాను, విప్పినప్పుడల్లా ఏడిస్తే గుడ్డ తడిసిపోదటే అంది, అమ్మకేం, అమ్మ విప్పేది తన ఒక్కదాని కుట్టు, ఇది ముగ్గురు మనుషుల ఏడేళ్లు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం, చివరి గడి నిజంగానే ఎగిరిపోయేది, పొద్దున్నే తను ఒక చిన్న తప్పు దిద్దింది, పేజీ మారలేదు, ఇంకేదో రాసింది, మారలేదు, రాస్తూనే పోయింది, సాయంత్రానికి నలభై లైన్లు, అప్పుడు కరెంటు పోయి వచ్చింది, మళ్లీ తెరిస్తే గడి చక్కగా కూర్చుని ఉంది, సారు అందరినీ పిలిచి చూపించాడు, ఈ అమ్మాయిని చూడండి, మాట్లాడదు, పని చేస్తుంది, మాట్లాడకపోవడాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి, ఆ మాట ఆ పూట డైరీలో రాసుకుంది, నెల తర్వాత అసలు సంగతి తెలిసింది, కరెంటు పోయి వచ్చేదాకా బ్రౌజరు దాచుకున్న పాత పేజీనే పొద్దస్తమానం చూపించింది, పొద్దున దిద్దిన ఆ చిన్న తప్పుతోనే అంతా సర్దుకుంది, నలభై లైన్లూ ఉత్తవే, అప్పుడు చెప్పేస్తే పోయేది, చెప్పలేదు, ఎవరూ కదిపి చూడకుండా పైన ఆ హెచ్చరిక రాసిపెట్టింది.

సార్, అంది, ఆ లైన్లు తీస్తే ఏమీ కాదు సార్, వాటికి పనే లేదు, అప్పుడే తెలుసు నాకు, భయమేసి చెప్పలేదు, కుర్చీ కిర్రుమంది, ఎవరూ వినిపించుకోలేదు, అక్క పెన్ను కింద పెట్టింది, ఏడేళ్లే, ఏడేళ్లు ఆ గడి ఉందో లేదో ప్రతి రిపోర్టూ ఎత్తి దీపానికి పట్టి చూశానే, ఒక్క మాట, ఒక్క మాట అనడానికి ఏమైంది నీకు, నిజమే అక్కా, అని తప్ప ఇంకేమనగలదు, ఇంతలో మీసాలాయన దగ్గాడు, అది దగ్గు కాదు, మాట దారి వెతుక్కోవడం, ఆ పిల్లని అనకండి, రెండేళ్ల క్రితం ఏదో శుభ్రం చేస్తూ పొరపాటున ఆ లైన్లు నేనే తుడిచేశాను, చూసుకోకుండా ఆ ముసలి కంప్యూటర్లో ప్రింటు తీశాను, గడి ఉంది, అంకె ఉంది, ఏమీ కాలేదు, మరి చెప్పరే, అంది అక్క, ఏం చెప్పను, ముట్టుకోవద్దని అంత లావు అక్షరాలతో రాసి ఉంటే చదవకుండా ముట్టుకున్న మనిషిని, ఇరవై ఏళ్ల అనుభవం, పరువు పోదూ, గబగబా మళ్లీ పెట్టేశాను, అక్క నవ్వింది, ఈసారి సగంలో ఆగలేదు, కళ్లు తుడుచుకుంటూ, ఇద్దరూ కలిసి నా శనివారాలన్నీ తినేశారు కదరా నాయనా, అరిగాయా అసలు, తనకీ నవ్వొచ్చింది, పళ్లు బిగుసుకుని ఉన్నాయని అవి వదులయ్యాకే తెలిసింది.

సారు కూడా నవ్వుతూనే లాప్‌టాప్ ఇటు తిప్పాడు, తియ్యమ్మా, నీ చేత్తోనే తియ్యి, తీసింది, నలభై లైన్లూ హెచ్చరికతో సహా, కొత్త బ్రౌజర్లో రిపోర్టు టక్కున తెరుచుకుంది, అక్క చివరి గడి మీద వేలు పెట్టి అంకె పైకి చదివింది, తొంభై నాలుగు, ఉంది, ఎవరిదో ఏమో, ఆరోగ్యంగానే ఉన్నారు, వచ్చే నెల తాతయ్యకి సెలవు, ఫోన్లు నేనూ ఎత్తుతాలెండి అంది అక్క మీసాలాయనతో, ఆయన మీసం దువ్వుకుంటూ అదే మహాభాగ్యం అన్నాడు, మొదటి వారం మీరు నన్ను మెచ్చుకున్నారు సార్, అది పోతుందనే దాచాను, అని తను అంటే, నేనా, ఎప్పుడు, ఏమన్నాను అని సారు నిజంగానే గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు, కిటికీ అవతల ఎవరో సైకిలు దిగి గొలుసు సర్దుకుంటున్నారు, ఎండ బల్ల సగం దాకా వచ్చింది, ఈ గదిలో మాట్లాడలేనిది తనొక్కతేనని ఏడేళ్లూ అనుకుంది, రోజుకి వంద కబుర్లు చెప్పే ఈ మీసాలాయన కూడా చెప్పాల్సిన ఆ ఒక్కటీ గొంతులోనే దాచుకుని తిరిగాడు, మాటకారికీ మూగమ్మకీ భయం ఒక్కలాంటిదే అన్నమాట.