వదిలే కొక్కెం

నేను కట్టిన లోడు దారిలో జారిందని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు. బంగారుపాళ్యం మండీల్లో మామిడికాయల లారీలకు పట్టా కప్పి మోకు బిగించడం ఇరవై రెండేళ్లుగా నా పని. కాయల కాలం అయిపోయాక గుజ్జు ఫ్యాక్టరీల్లో డ్రమ్ములూ బాయిలర్లూ చైన్ పుల్లీలతో ఎత్తి దించే పనికి పోతాను. లోడు కట్టేటప్పుడు నాకొక అలవాటుంది. మోకు తగిలించిన ప్రతి కొక్కేనికీ పైన పురికొసతో రెండు చుట్లు చుట్టి ముడి వేస్తాను. మొగిలి ఘాటులో లారీ ఎగిరిపడినప్పుడు కొక్కెం దానంతటది ఊడకూడదు. అందుకని నా జేబులో ఎప్పుడూ రెండు బారల పురికొస ఉంటుంది.

కిందటేడు మామిడి పూత మీదున్న రోజుల్లో మా బామ్మర్ది గిరి వచ్చాడు. రేణిగుంటలో ఒక కాంట్రాక్టరు దగ్గర బరువులెత్తే మనుషులకు వాడు మేస్త్రీ.

"బావా, ప్లాట్‌ఫారం మీద పని ఉండాది. నెల దినాలు. వస్తావా?"

నా భార్య తాయమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. "రేణిగుంట టేషన్లోనే గదరా. దినామూ ఇంటికొచ్చి పోవచ్చు" అంది.

"ఆ ప్లాట్‌ఫారం కాదక్కా. కాకినాడ నుంచి పోవాల. సముద్రం నడిమధ్యలో ఉండాది, గ్యాసు తీసేది. ఆడికి రైలు రాదు, ఓడ వస్తాది."

"ఓడొస్తే ఈయప్పకేం పని?"

"దాన్ని కట్టాల."

తాయమ్మ చాట కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈయప్ప కడితే ఇప్పేదానికి మళ్లీ ఈయప్పే రావాల. ముందే సెప్పి పెట్టుకో" అంది.

గిరి పకపకా నవ్వాడు. తాయమ్మ నవ్వలేదు. తల్లి పోయినప్పుడు వాడికి మూడేళ్లు. చంకనేసుకుని పెంచింది ఆమే. మేము బయలుదేరిన రోజు బస్సు దగ్గర నా చొక్కా పట్టుకుని, "వాణ్ణి సూసుకో" అని ఒకే మాట అంది.

కాకినాడలో ఐదు రోజులు నీళ్లలో దూకడం, తేలడం నేర్పించారు. ఆరో రోజు హెలికాప్టర్ ఎక్కించేముందు జేబులు వెతికి అగ్గిపెట్టె, నా చాకు ఒక ట్రేలో వేయించుకున్నారు. పురికొసను చూసి ఎవరూ ఏమీ అనలేదు.

గంటసేపు కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎక్కడా ఒక గట్టు లేదు, చెట్టు లేదు, ఒక నీడ లేదు. మా ఊళ్లో ఎటు చూసినా ఏదో ఒక కొండ చూపుకు అడ్డం పడుతుంది. అడ్డం లేని చూపు ఎంత దూరం పోతుందో నాకు ఆ రోజు తెలిసింది. తర్వాత, ఆ నీళ్ల మధ్య, నాలుగు కాళ్ల మీద ఒక మంచె కనబడింది. శెనక్కాయ చేలో పందుల్ని కాచడానికి వేసుకునే మంచె లాగే. దగ్గరికి పోయేకొద్దీ అది పెరిగింది. దిగేసరికి దాని ఒక్కో కాలు మా చింతమాను మొదలంత లావుంది.

"ఇంత లోతులో ఈ కాళ్లు ఎట్ల నాటినారు బావా?" అన్నాడు గిరి. ఆ రోజు అన్నం తింటున్నా కాళ్ల కింద ఆ లోతే గుర్తొచ్చింది.

మూడో రోజు పొద్దున బోటు వస్తుందన్నారు. బోటంటే నేను చిన్నదనుకున్నాను. వచ్చింది మా గుజ్జు ఫ్యాక్టరీ అంత ఉంది. అది దూరంగా ముందువైపు లంగరు దించుకుని, వెనక్కి వెనక్కి మా వైపు వచ్చింది. లారీని మండీలోకి రివర్స్ తెచ్చేటప్పుడు క్లీనరు ఎంత అరుస్తాడు! ఇక్కడ ఎవరూ అరవలేదు. అంత ఇనుమూ నీళ్ల మీద నెమ్మదిగా వచ్చి, ముప్పై అడుగుల దూరంలో నిలిచింది. నిలిచిందనడం తప్పు. లేస్తూ పడుతూ, ఊపిరి తీస్తున్నట్టు అక్కడే ఉంది.

ప్లాట్‌ఫారం కింది అంతస్తులో తాళ్ల పని పరంధామయ్యది. గోదావరి మనిషి, ముప్పై ఏళ్లుగా సముద్రం మీదే ఉన్నాడు. కుడి తాడు ఆయన చూసుకుంటాడు. ఎడమ తాడు దగ్గర నన్ను నిలబెట్టాడు. తాడు నా మోచేతి లావు. ఒక కొస మా దగ్గర కొక్కేనికి ఉంది. రెండో కొసన ఉన్న ఉచ్చును క్రేను బోటు మీదికి దించితే, అక్కడి ఖలాసీలు దాన్ని ఒక ఇనుప దిమ్మకు తగిలించారు.

"ఓబయ్య గారూ, ఈ పిడి చూశారా? తాడు మీద ఎంత లాగుడున్నా సరేనండి, ఒక్క చేత్తో పైకి లేపితే కొక్కెం నోరు తెరుస్తుంది. తాడు పోద్ది."

"పోతే ఎట్లప్పా?"

"పోవాలండి. బోటు మీద ఉచ్చు దిమ్మకి బిగుసుకుపోయాక, పదిమంది పట్టినా అది పైకి రాదు. బోటుకి అర్జెంటుగా పోవలసి వస్తే వదలాల్సింది మనమే. వాళ్ల కెప్టెన్ రేడియోలో చెప్తాడు, నేను చెయ్యెత్తి అరుస్తాను, మీరు లేపేస్తారు. అంతేనండి మీ పని."

తాడు మధ్యలో వేలాడుతోంది. నా చేతులు ఊరుకోలేదు. "వదులుగా ఉండాదే, బిగించేదా?" అన్నాను.

"బిగిస్తే తెగుద్దండి. చిత్తూరు లారీ అనుకున్నారా?" అని నవ్వి, "ఓడ ఆగదండి. ఎవరాపగలరు? కాసేపు మన దగ్గరుంటుంది, అంతే. అది పోతానన్నప్పుడు మనం అడ్డం పడకూడదు" అన్నాడు. కుడి తాడు దగ్గరికి వెళ్లిపోయాడు.

మాకు రావలసిన పైపులు బోటు మీదున్నాయి. వాటిని కట్టి క్రేనుకు తగిలించడానికి గిరి క్రేను బుట్టలో కూర్చుని బోటు మీదికి దిగాడు. గాలిలో గిరగిరా తిరుగుతూ నాకు చెయ్యి ఊపాడు.

నేను తాడునే చూస్తూ నిలబడ్డాను. బోటు దూరం జరిగినప్పుడు తాడు బిగిసి సన్నబడుతుంది, పిండిన పంచెలో నుంచి కారినట్టు నీళ్లు కారుతాయి. బోటు దగ్గరైనప్పుడు మళ్లీ లావై వేలాడుతుంది. ఆ పక్క తాడు బిగిస్తే ఈ పక్కది వదులు. రెండు తాళ్ల మధ్య అంత ఓడ ఆడుతోంది. ఇరవై రెండేళ్లు కదలకుండా కట్టడమే తెలిసినవాణ్ణి, కదిలేదాన్ని కట్టడం ఇట్లా ఉంటుందా అని నోరు తెరిచి చూశాను.

అయితే తాడు బిగిసిన ప్రతిసారీ కొక్కెం పిడి టిక్కుమంటోంది. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. మా లారీ కొక్కెం ఊడబోయే ముందు సరిగ్గా అట్లాగే అంటుంది. కింద గిరి పైపుల మధ్య వంగి ఉన్నాడు. కొక్కెం దానంతటది తెరుచుకుంటే? వాణ్ణి సూసుకో అన్న మాట చెవిలో పడింది. పరంధామయ్య అటు తిరిగి ఉన్నాడు. జేబులోంచి పురికొస తీసి, పిడికీ కొక్కేనికీ కలిపి రెండు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేశాను. చప్పుడు ఆగింది. నా గుండె కుదుటపడింది.

పదకొండు గంటలకు సముద్రం మారింది. గాలి లేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎక్కడో వేలమైళ్ల అవతల పుట్టిన అల అట్లా వస్తుందని తర్వాత చెప్పారు. నురగ లేదు, చప్పుడు లేదు. దూరంగా నీటి గీత కొంచెం మందమైనట్టు కనబడింది. ఆ మందం మా వైపు వచ్చింది. నున్నగా, వెడల్పుగా, తొందర లేకుండా ఒక కొండ నడిచి వచ్చింది. బోటు దాని మీదికి ఎక్కింది. ఎంత పైకి లేచిందంటే, కింద ఎక్కడో ఉన్న గిరి ముఖం మీది చెమట నాకు కనబడింది. నిమిషం కిందట వాడు చీమంత ఉన్నాడు. తర్వాత బోటు దిగిపోయింది. ప్లాట్‌ఫారం కాళ్లకు పట్టిన పాచీ, గుల్లలూ, ఎప్పుడూ ఎండ చూడనివి, ఒక్కసారిగా బయటపడి నీళ్లు కార్చాయి. భయం తర్వాత వచ్చింది. ముందు చేతులు జోడించబుద్ధయింది.

రెండో అల బోటును పక్కకు తోసింది. కుడి తాడు చచ్చుపడి నీళ్లలో వేలాడింది. బరువంతా నా తాడు మీద పడింది. అది నా మణికట్టంత సన్నబడి, కారిన నీళ్లు పొగలాగా ఎగిరి, సన్నగా పాడసాగింది. ఆ పాట నా పళ్లలో వినబడింది. బోటు వెనకభాగం నా తాడుకు చిక్కుకుని ఉంది, ముందుభాగం కుడివైపుకు తిరుగుతోంది. ఇంకొంచెం తిరిగితే దాని కుడి పక్క వచ్చి మా ఇనుప కాలికి కొట్టుకుంటుంది. ఖలాసీలు తాడు కింద నుంచి తప్పుకుని పక్కల ఉండే ఇనుప గోడల చాటుకు దూరారు. గిరి కూడా దూరాడు. కుడి పక్క గోడ చాటుకే.

"వదిలేయండి!" పరంధామయ్య చెయ్యెత్తి అరిచాడు.

పిడి లేపాను. వేలెడు లేచి ఆగిపోయింది. నా పురికొస.

ముడి మీద గోళ్లు వేశాను. తడిసిన ముడి రాయి అయిపోయింది. నా ముడి సంగతి నాకు తెలుసు. చాకు కాకినాడలో ట్రేలో ఉంది. వంగి పళ్లతో పట్టాను. నా చెవి పక్కనే తాడు పాడుతోంది. ఉప్పు, నార, రక్తం నోట్లోకి వచ్చాయి. ముడి రాలేదు.

"ఓబయ్య గారూ! వదలండీ!"

"బావా!" కింద నుంచి గిరి. వాడి వెనక ఇనుప కాలు దగ్గరికి వచ్చేస్తోంది.

స్తంభానికి ఎర్ర గొడ్డలి ఒకటి తగిలించి ఉంటుంది. ఆరు అడుగుల దూరం. ఎట్లా పోయానో, ఎట్లా తెచ్చానో తెలియదు. మొదటి దెబ్బ ఇనుము మీద పడి నిప్పురవ్వ లేచింది. రెండో దెబ్బకు పురికొస తెగింది. పిడి లేపాను.

ఒక్క చేత్తోనే లేచింది. అంత బరువూ, అంత పాటా ఒక్క టిక్కుతో పోయింది. తాడు గాలిలో బోటు వైపు ఎగిరి, మనుషులు లేని డెక్కు మీద పడిన చప్పుడు నా పాదాలకు తగిలింది. కుడి తాడును పరంధామయ్య అప్పటికే వదిలేశాడు. బోటు ఒకసారి వణికి, వెనక నీళ్లు తెల్లగా చిలికి, మా ఇనుప కాలికి బారెడు దూరంలో జారుకుంటూ ముందుకు పోయింది. గోడ చాటు నుంచి గిరి తల పైకి లేచింది. వాడు తల మీది హెల్మెట్ తీసి నావైపు చూస్తూ అట్లాగే దూరమయ్యాడు. మైలు దూరం పోయాక బోటు మళ్లీ నెమ్మదిగా లేస్తూ పడుతూ నిలబడింది. అంతసేపూ జరిగిందేదీ సముద్రానికి తెలిసినట్టు లేదు.

నేను తెగిన పురికొసను ఏరుకుని పరంధామయ్య దగ్గరికి పోయాను.

"ఇదేంటండి?"

"పురికొసప్పా. నేనే కట్నాను. ఊడిపోతుందేమోనని."

ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. నా పెదవి మీది రక్తం చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రిపోర్టు రాయాలండి."

"రాయప్పా."

"రేపొద్దున అల తగ్గాక బోటు మళ్లీ వస్తుంది. ఈ పిడి దగ్గర ఎవరుండాలి?"

"వేరేవాళ్లను పెట్టు."

సాయంత్రం ఆయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బోటు మీద నిలబడేది గిరి కాబట్టి, పిడి దగ్గర నన్ను ఉంచాలా వద్దా అని వాణ్ణే అడగమన్నారట పైవాళ్లు. ఇంకా బోటు మీదే ఉన్న గిరికి రేడియోలో జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"మా అక్క ముందే సెప్పిందన్నా" అంది గిరి గొంతు గరగరల మధ్య నుంచి. "వేరేవాళ్లు ఎందుకు? ఈ పొద్దు నేర్సుకున్నోడు రేపు మరసడు. మా బావనే పెట్టు. జేబులు మటుకు ఎతికి పెట్టు."

పరంధామయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున బోటు వెనక్కి వస్తుండగా నిజంగానే నా జేబులు వెతికాడు. మిగిలిన బారెడు పురికొస తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఇంటికెళ్లేప్పుడు ఇస్తానండి" అన్నాడు.

తాళ్లు దించారు. గిరి బోటు మీద పైపుల దగ్గర నిలబడి, పైకి ఒకసారి చూసి, పనిలో పడ్డాడు. నేను పిడి మీద చెయ్యి వేశాను.

మూడు గంటలు అట్లాగే ఉన్నాను. పిడి నా అరచేతి కింద టిక్కుమంటూనే ఉంది. తాడు బిగిసినప్పుడు ఒక రకం, వదులైనప్పుడు ఇంకో రకం. కాసేపటికి చూడకుండానే తెలిసింది, బోటు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో. అంత పెద్ద ఓడ, దాని కింద అంత సముద్రం, నా చేతిలోకి వచ్చి పలకరించి పోతున్నట్టుంది. పరంధామయ్య రెండుసార్లు మంచినీళ్లు తెచ్చి నా నోటికి అందించాడు. చెయ్యి తీయమని ఆయన అడగలేదు.

పని అయ్యాక తాడు వదులుగా ఉన్నప్పుడు ఖలాసీలు ఉచ్చును దిమ్మ మీద నుంచి తీసేశారు. క్రేను తాడును పైకి లాగింది. ఆ రోజు నాకు పిడి లేపే పనే పడలేదు.

గిరి బుట్టలో పైకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతిలో పిడి అచ్చు ఎర్రగా పడి ఉంది.

"అక్కకు సెప్పేదా బావా?"

"నేనే సెప్తాలే."

వాడు నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం అట్లాగే కమ్మీ దగ్గర నిలబడ్డాం. బోటు లంగరు ఎత్తుకుని, మా వైపు ఒకసారి కూత పెట్టి, ఏ అడ్డమూ లేని ఆ నీళ్ల మీద చిన్నదవుతూ పోయింది.